ఒడిబియ్యం నేల మీద పెట్టకూడదు

పోయిన నెల మా మేనత్త దశదినకర్మకు జోగిపేట నుంచి పటాన్‌చెరు వెళ్ళాను. నాకు మోకాళ్ళ నొప్పులు. బస్సెక్కి దిగలేనని పిల్లలు కిరాయి కారు మాట్లాడారు. కునుకు తీసి లేచేలోపల సంగారెడ్డి చౌరస్తా దాటిపోయింది. కంది దగ్గర పెద్ద చదువుల క్యాంపస్, దాని గోడ పక్కనే ఇంకా మిగిలిన నాలుగు మడుల పొలం, ఆ తర్వాత ఫ్యాక్టరీలు, మళ్ళీ ఫ్యాక్టరీలు. ఇస్నాపూర్ దగ్గర ఒక లారీ టైరు పేలి రోడ్డుకు అడ్డంగా నిలబడితే మేమూ ఆగాం. పది నిమిషాలు కూడా కాలేదు, డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. "గీ రోడ్డుతోని మస్తు పరేషాన్ మేడం. ఎప్పుడు పోవాలె, ఎప్పుడు రావాలె" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇదే దారిలో, ఒక మూట ఎత్తుకుని, నేనూ మా అమ్మా రెండు రోజులు నడిచీ ఎక్కీ దిగీ పోయాం. నవ్వు వచ్చినంత తొందరగానే పోయింది. ఎవరి ఇంటికైతే అట్లా పోయామో, ఆమె దినానికే కదా ఇప్పుడు పోతున్నది.

మాది జోగిపేట గంజ్ బజార్లో ధాన్యం అడ్తి, రైతుల సరుకు కొని అమ్మే వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు. మధ్యలో ఒక్క గోనెపట్టా పరదా. అందుకని మా ఇంట్లో అన్నానికీ పక్కబట్టలకీ దేవుడి పటాలకీ అన్నిటికీ బస్తాల వాసనే. నాకు అన్నదమ్ములు లేరు. బడి లేని రోజుల్లో బాపు నన్ను గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టుకునేవాడు. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, జారిన గింజలు అరచేతిలో పట్టి, రెండు చేతుల మధ్య నలిపి, ఊకను ఊది, వాసన చూసి, ఒక గింజ పంటి కింద పెట్టి కొరికి ఉమ్మేవాడు. చూసీ చూసీ నాకూ అదే అలవాటైంది. పెళ్ళిళ్ళలో తలంబ్రాల బియ్యం కూడా కొరికి చూసి దెబ్బలు తిన్నాను. కానీ కొరికాక బాపు పైకి ఏమీ అనేవాడు కాదు. ధర సంగతి దస్తీ గుడ్డ కింద, వేళ్ళు పట్టుకుని తేల్చుకునేవాళ్ళు. రైతు ముఖం మీద, పదిమందిలో, గింజ బాగా లేదని అనడం మా ఇంట పాపం. "వాని గింజను తక్కువ జేస్తే వాని ఇంటిదాన్ని తక్కువ జేసినట్టే బిడ్డా. మంచిగనే ఉన్నయ్ అను. కొనకు, గంతే" అని నాకు చెప్పేవాడు. ఇంత మంచి బుద్ధి ఇంకెవరికి ఉంటుందని ఆ వయసులో నాకు గర్వంగా ఉండేది.

ఆ మంచి బుద్ధే మా ఇంటికి చిచ్చు పెట్టింది. బాపుకు ఒక్కతే చెల్లెలు, మా సుగుణత్తమ్మ. పటాన్‌చెరు పాత బజార్లో ఆమె భర్తకు కిరాణం, బియ్యం వ్యాపారం. ఒక ఏడు మామ వాళ్ళ ఊరి పక్క వాగు దిక్కు ఊళ్ళ బియ్యం కొని ఒక లారీ నింపి మా అడ్తికి పంపాడు. అప్పటికే ఆ వాగులో ఫ్యాక్టరీల నీళ్ళు కలుస్తున్నాయని, బావుల్లో ఎర్రగా ఊరుతున్నాయని చెప్పుకునేవాళ్ళు. బాపు మూడు బస్తాల్లో గొట్టం గుచ్చాడు, వాసన చూశాడు, కొరికాడు. తాళ్ళు విప్పకుండానే లారీని వెనక్కి తిప్పించాడు. "ఇప్పుడు గిరాకీ లేదని చెప్పు" అన్నాడు డ్రైవరుతో. మర్నాడే వేరేవాళ్ళ లారీ దించుకున్నాడు. గంజ్‌లో మాట దాగదు కదా. సొంత బావ సరుకును గుమ్మం తొక్కనీయలేదని మామకు తల కొట్టేసినట్టయింది. అత్తమ్మ ఆ తర్వాత మూడేళ్ళు మా గడప తొక్కలేదు. వాసన సంగతి బయటికి చెప్తే బావ పేరు గంజ్‌లన్నిటా పోతుందని బాపు దాచాడు. దాచానన్న సంగతి కూడా చెప్పలేదు.

మా నాయనమ్మ అప్పటికే మంచం పట్టింది. మా ఇల్లు బస్టాండు పక్కనే. పడుకున్న చోటి నుంచే హారన్ విని ఏ బస్సో చెప్పేది. మెదక్‌ది, నారాయణఖేడ్‌ది వస్తే కదిలేది కాదు. సంగారెడ్డి బస్సు హారన్ వినపడితే మాత్రం నశ్యం డబ్బీ మూత పెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "సుగుణొచ్చిందా చూడు బిడ్డా" అని నన్ను పంపేది. రోజుకు ఏడెనిమిది సార్లు బయటికి పోయి వచ్చేదాన్ని. ఆమె అడగడంలో విసుగు లేదు, నేను పోయి రావడంలో ఉండేది.

చివరికి అమ్మ లేచింది. ఆడపడుచును పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ ఒళ్ళో పోసి పంపడం మా దిక్కు ఆచారం. అత్తమ్మకు ఆ ఏడు పోయాలి. పిలిస్తే రాదు. "రాకుంటే నేనే పోయి పోస్త. ఒడిబియ్యం వద్దని ఏ ఆడిది అంటది? ఒడి పట్టినంక తల్లిని చూడనీకి రాకుంట ఎట్లుంటది?" అంది. అన్నావదినెలు కలిసి పోయాలి నిజానికి. బాపు, "గిరాకీల దినాలు" అని తలుపు వైపు చూశాడు. మా అమ్మ బాపు పేరు కూడా పలకని మనిషి. రేషన్ ఆఫీసులో ఇంటాయన పేరేంటని అడిగితే నన్ను ముందుకు తోసేది. అట్లాంటి ఆమె, పంతొమ్మిదేళ్ళ నన్ను వెంటబెట్టుకుని, శుక్రవారం పొద్దుగూకేలోపు పోయాలని పంతులు చెప్తే గురువారం పొద్దున బయల్దేరింది. ఒకటే నియమం పెట్టింది. మూట నేల మీద పెట్టకూడదు.

సంగారెడ్డిలో దిగాకగానీ రోడ్డు సంగతి తెలియలేదు. ఫ్యాక్టరీల నీళ్ళు వాగులో వదలొద్దని వాగు ఊళ్ళవాళ్ళు బొంబాయి రోడ్డు మీద కూర్చున్నారట. వారం దాటింది. ఒక్కో ఊరు వంతులేసుకుని కూర్చుంటోందట. ఆ రోజు ఒక్క బస్సు కూడా కదల్లేదు. బస్టాండులో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవాళ్ళు. ముత్తంగి దాకా పోతదని ఒకరు, కంది కూడా దాటదని ఒకరు. పోలీసాయన్ని అడిగితే నన్నడుగుతవేంది అన్నాడు. ఆ పూట అమ్మ దూరపు చుట్టాల ఇంట్లో తలదాచుకున్నాం. మూటను వాళ్ళ చిలక్కొయ్యకు తగిలించింది. శుక్రవారం పొద్దున ఒక కండక్టరు జాలిపడి, "రుద్రారం దాకా తోల్తం అమ్మా. ఆడికెల్లి మీ కిస్మత్" అన్నాడు.

రుద్రారం నుంచి మా కిస్మత్తే అయింది. కొత్త ఊరికి పోయినవాళ్ళకు ఇల్లు తెలియకపోతే వెతుక్కుంటారు. మాకు ఇల్లు తెలుసు, దారే కొత్తది. ఎదురొచ్చినవాళ్ళని అడిగి అడిగి దాని పద్ధతులు నేర్చుకున్నాం. పాల క్యాన్లను ఆపరు. దవాఖానకు పోయేవాళ్ళని ఆపరు. పరీక్షల పిల్లలు హాల్‌టికెట్ చూపిస్తే చాలు. మధ్యాహ్నం అన్నాల వేళ రోడ్డుకు అడ్డంగా కట్టిన తాడు అరగంట దించుతారు, ఆ అరగంటలో దూరగలిగినవాళ్ళు దూరాలి. ఆగిపోయిన లారీల కింద నీడలో డ్రైవర్లు పేకాడుతున్నారు. ఉత్తరాది కూలీలు డబ్బా అన్నం చేత పట్టుకుని ఫ్యాక్టరీలకు గట్ల మీద నడిచిపోతున్నారు. వాళ్ళ వెనకే మేమూ నడిచాం. కొంత దూరం ఒక ట్రాక్టరాయన ఎక్కించుకున్నాడు. మామూలుగా అయితే ఆరేడు కిలోల మూట ఏముంది? దింపకూడదంటేనే అది బరువు. చెయ్యి మార్చుకునేవాళ్ళం, చంక మార్చుకునేవాళ్ళం, మూత్రానికి పోవాలన్నా ఒకరు నిలబడి పట్టుకోవాలి. పరుగు దూరానికి ఒకరు ఆపి "ఎవరింటికి?" అని అడిగేవాళ్ళు. ప్రతిసారీ చెప్పాలి. ఆ ప్రశ్నకు అప్పుడు ప్రాణం విసిగిపోయింది.

ఇస్నాపూర్ చౌరస్తాలో రోడ్డు మధ్యలో టెంటు. ఆ రోజు వంతు ఆడవాళ్ళది ఎక్కువ. కాజీపల్లి దిక్కు నుంచి, ఇంకా లోపలి ఊళ్ళ నుంచి వచ్చారు. వరసగా బిందెల్లో వాగు నీళ్ళు. ఒకటి ఎర్రగా, ఒకటి పచ్చగా. వాటి పక్కన చాటల్లో బియ్యం. ఎదురుగా కుర్చీలో, అట్టకు కాగితాలు బిగించుకుని ఒక ఆఫీసాయన. నీళ్ళు, గింజలు చూసి రాసుకుపోవడానికి వచ్చాడు. ముందువరసలో ఒక పెద్దామె ఉంది, పోశవ్వ అని పిలుస్తున్నారు. మమ్మల్ని ఆపి, మేనత్త ఇంటికని విని, మూట చూసి, "ఒడిబియ్యమా? నీడకు కూసోండ్రి ముందుగాల. ఇవి బయటి ఊరి నీళ్ళే, బుగులు లేదు, తాగుండ్రి" అని చెంబు ఇచ్చింది. అమ్మ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ రోడ్డు మీద మమ్మల్ని కూర్చోమన్న మొదటి మనిషి ఆమె.

నీళ్ళు తాగి నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది. పక్కన చాట ఉంది కదా, చెయ్యి దానంతటదే పోయింది. గుప్పెడు బియ్యం తీశాను, నలిపాను, ఊదాను, వాసన చూశాను, ఒక గింజ కొరికి ఉమ్మాను. తలెత్తేసరికి టెంటులో అందరూ నన్నే చూస్తున్నారు.

"సేటు బిడ్డవా?" అంది పోశవ్వ.

"జోగిపేట గంజ్‌ల అడ్తి మాది."

ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు నాకు బాగా గుర్తు. "సారూ, ఇటు జెర చూడు. మేం చెప్తే నమ్మకపోతిరి. కొనేటోళ్ళతోని చెప్పియ్యమంటిరి గద. ఒక్క సేటన్న రాకపాయె. దేవుడే తోలిండు ఈ పిల్లను. చెప్పు బిడ్డా, వాసనున్నదా లేదా? నీ నోటితోని చెప్పు."

వాసన ఉంది. ముక్కులో, నాలుక మీద, చేతిలో ఉంది. మందుల షాపు మూల నుంచి వచ్చినట్టు ఘాటుగా ఉంది. కానీ రైతు ముఖం ఎదురుగా ఉంది, చుట్టూ పదిమంది ఉన్నారు. పంతొమ్మిదేళ్ళుగా నేర్చుకున్న మాట ఒక్కటే నోట్లోకి వచ్చింది.

"మంచిగనే ఉన్నయ్ అవ్వా."

ఆఫీసాయన కాగితం మీద వంగి రాసుకున్నాడు. పోశవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. చాట తీసి నా ముందు పెట్టింది. "మంచిగనే ఉన్నయంటివి. సరే. మీ మూట మాకియ్యి, ఇవి తీస్కపో. మీ మేనత్త ఒడిల ఇవే పొయ్యి" అంది. అలసిపోయిన గొంతు, అంతే. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. నా తల వంగిపోయింది.

అప్పుడు అమ్మ మూటను నా చేతుల్లో పెట్టి లేచింది. చాటలోంచి గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తలమీది కొంగు సర్దుకుని ఆఫీసాయన ముందుకు పోయి నిలబడింది. "సారూ, మా బిడ్డ రాయించింది కొట్టెయ్. దాని తప్పు లేదు, మేం నేర్పిన మాటే చెప్పింది. వాసనొస్తది. వండితే ఇంకింత ఎక్కువొస్తది. ఇసొంటి బియ్యమే మా ఇంటికొస్తే మా ఇంటాయన లారీకి లారీ మర్లగొట్టిండు. రాసుకో."

"మీ ఆయన పేరు?" అన్నాడు ఆయన.

నేను ముందుకు కదిలాను, అలవాటుగా. అమ్మ చేత్తో నన్ను ఆపింది. "శంకరయ్య" అంది, టెంటంతా వినపడేట్టు. మా అమ్మ నోట ఆ పేరు నేను విన్నది ఆ ఒక్కసారే.

పటాన్‌చెరు దాకా మిగిలిన దారిలో మూట మా చేతికి రాలేదు. టెంటులోంచి ఇద్దరు ఆడవాళ్ళు లేచి, ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకుని, మాతో నడిచారు. ఎక్కడా దించలేదు. ఎవరూ ఆపలేదు. అమ్మ మాత్రం మా అందరికంటే వెనక నడిచింది. ఆమె చెప్పిన మాటకు ఆడపడుచు ఇంట్లో బియ్యం అమ్ముడుపోవేమోనన్న భయం నాకు ఆలస్యంగా తట్టింది. ఆమెకు ముందే తట్టి ఉంటుంది.

పొద్దు వాలుతుండగా చేరాం. దుకాణం తలుపులు సగం వేసి ఉన్నాయి. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, మా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని బజారు చివరి దాకా చూసింది. తర్వాత చెంబుతో నీళ్ళు తెచ్చి కాళ్ళకిచ్చింది. అమ్మ కూర్చోకుండానే జరిగిందంతా చెప్పేసింది, టెంటులో అన్న మాటతో సహా. మామ విని లోపలికి పోయాడు. అత్తమ్మ పీట వేసుకుని తూర్పు ముఖంగా కూర్చుని కొంగు పట్టింది. అమ్మ దోసిళ్ళతో పోసింది. పసుపు బియ్యం పడుతున్నంతసేపూ అత్తమ్మ కళ్ళు దించే ఉంచింది.

ఒడి నిండాక అందులోంచి ఐదు పిడికిళ్ళు పుట్టింటికి తిరిగి పెట్టాలి, ఆ ఇల్లూ చల్లగా ఉండాలని. అత్తమ్మ పెట్టింది. పెట్టి, లోపలికి పోయి, ఇంకో గుడ్డలో ఇంకో ఐదు పిడికిళ్ళు ముడి వేసుకొచ్చింది. అది వాగు బియ్యమని ముడి విప్పకుండానే తెలిసింది.

"ఇవి అన్నకియ్యి వదినా. వండుకొని తినమను."

"సుగుణా, ఆయన కావాలని..."

"నాకు తెల్వదా? వాసన మాకు రాదనుకున్నవా? మూడేండ్ల సంది అమ్ముడుపోనియి మేమే తింటున్నం. లారీ ఎందుకు మర్లగొట్టిండో కూడా ఎరికే. అన్న నోటితోని ఇనాలె వదినా. ఈ గుమ్మంల నిలబడి ఒక్క మాట చెప్పుమను. ఆ మాటకే అమ్మను చూడనీకి బస్సెక్కుత." నన్ను దగ్గరికి తీసుకుంది. "అమ్మ ఇంకా బస్సులు లెక్కబెడ్తున్నదా బిడ్డా?" అని అడిగింది. నేను తల ఊపాను.

నాలుగు రోజులకు పెద్ద ఆఫీసర్లు వచ్చి ఏదో మాట ఇచ్చారు, రాస్తారోకో ఎత్తేశారు. అందాకా అత్తమ్మ ఇంట్లోనే ఉండి, మేము ఒకే బస్సులో నేరుగా జోగిపేట చేరాం. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు వాళ్ళు మళ్ళీ కూర్చున్నారు, మళ్ళీ మాట ఇచ్చారు, మళ్ళీ లేచారు. అమ్మ చెప్పింది రాసుకున్న ఆ కాగితం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. మొన్న కారులోంచి చూస్తే ఆ పొలాలన్నీ ప్లాట్లు. వరి పండించేవాళ్ళే లేరు కనుక బియ్యం వాసనొస్తుందో లేదో అన్న తగాదా కూడా లేదు. అప్పుడు పరుగు దూరానికొకరు ఎవరింటికని అడిగితే విసుక్కున్నాను. ఇప్పుడు అంత పెద్ద రోడ్డు మీద అడిగే మనిషి ఒక్కరూ లేరు, అడిగినా చెప్పుకోవడానికి నాకు ఆ ఇల్లు లేదు. రోడ్డు బాగుపడలేదని నేననను. అలసటగా ఉంది, అంతే.

అత్తమ్మ పంపిన ముడిని అమ్మ బాపు ముందు విప్పింది. ఆయన వాసన చూడలేదు, కొరకలేదు. "వండు" అన్నాడు. ఉడుకుతుంటే ఇల్లంతా ఆ ఘాటు. బాపు ఒక్కడే కూర్చుని, పచ్చిపులుసు పోసుకుని, ఆఖరు మెతుకు దాకా తిన్నాడు. మర్నాడు పొద్దున ఉతికిన ధోతి కట్టుకుని, దస్తీ జేబులో పెట్టుకుని పటాన్‌చెరు బయల్దేరాడు. నాయనమ్మ తల దువ్వించుకుంది. కూతురు వస్తోందని చెప్పక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది. ఆ రోజు నశ్యం కూడా ముట్టలేదు.

మధ్యాహ్నం మా దుకాణం ముందు నూనె డబ్బాల లారీ ఆగింది. పటాన్‌చెరు మీదుగా వచ్చానని, రోడ్డంతా సాఫ్‌గా ఉందని డ్రైవరు చెప్పాడు. నేను విన్నాను. ఇంకో గంటకు సంగారెడ్డి బస్సు హారన్ మోగింది. బాపు ఒక్కడే దిగి వచ్చాడు. ధోతి నలగలేదు. పరదా ఎత్తి, ఎవరి ముఖమూ చూడకుండా, "సంగారెడ్డి దాంక పొయ్యొచ్చిన. మల్ల కూసున్నరు. రోడ్డు బంద్" అన్నాడు. అమ్మ ఆయన వంక ఒకసారి చూసి పొయ్యి దగ్గరికి పోయింది. బాపు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఇనుప గొట్టాన్ని దస్తీతో తుడవడం మొదలుపెట్టాడు. అది తుడవవలసినంత మురికిగా లేదు.

ఆ వానాకాలం దాటకుండానే నాయనమ్మ పోయింది. అత్తమ్మ అప్పుడు వచ్చింది, తను అడిగిన మాట అన్న చెప్పకుండానే. అన్నాచెల్లెళ్ళు శవానికి చెరో పక్కన కూర్చుని ఏడ్చారు, మళ్ళీ మాట్లాడుకున్నారు, రాకపోకలూ సాగాయి. లారీ ఊసు మాత్రం ఇద్దరూ చచ్చేదాకా ఎత్తలేదు. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆ మధ్యాహ్నం, బాపు మాట గోనెపట్టా పరదా దాటి వినపడ్డాక, నాయనమ్మ నన్ను మంచం దగ్గరికి పిలిచింది. దువ్విన తల, మొహాన కుంకుమ లేని చోట ఇంత విభూతి. నా చెయ్యి పట్టుకుని, బాపుకు వినపడకుండా, గొంతు తగ్గించి అడిగింది.

"నిజంగనే రోడ్డు బందా బిడ్డా?"

ఇస్నాపూర్ టెంటు గుర్తొచ్చింది. పోశవ్వ ముఖం గుర్తొచ్చింది. దుకాణంలో బాపు తుడుస్తున్న గొట్టం చప్పుడు కూడా ఆగింది.

"బందే, నాయనమ్మా" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలి, నశ్యం డబ్బీ ఇమ్మని అడిగింది.